సముద్రం పని

రింగు ప్లేటు మీదికి ఎక్కిందంటే వీరమ్మాళ్ ఎవరితోనూ మాట్లాడదు. అరవ దేశంలోని సింగానల్లూరులో, ఆ చిన్న లేతు షెడ్డులో అందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఆ సోమవారం పొద్దున యజమాని ధర్మలింగం నాయుడు ఆమె వెనక వచ్చి నిలబడి కూడా, ఆ విడత పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని ఊరుకున్నాడు.

అరచేతంత ఉక్కు రింగు అది. పోత ఇనుప ప్లేటు మీద బూడిదరంగు పేస్టు పూసి, రెండు చుక్కల నూనె వేసి, మూడు వేళ్ళు ఆనీ ఆననట్టు పెట్టి ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పుతూ ఉంటుంది. ఇరవై చుట్లకొకసారి రింగుని పావు వంతు జరిపి పట్టుకుంటుంది. మొదట్లో గరగరమనే చప్పుడు తగ్గుతూ తగ్గుతూ, చివరికి గుడ్డ మీద గుడ్డ జారినట్టవుతుంది. అప్పుడు ఆపుతుంది. కిరసనాయిల్లో కడిగి, బనియన్ వేస్టు పీలికలతో తుడిచి, చూపుడు వేలి కొనతో అంచంతా ఒకసారి తడుముతుంది. ఇరవై రెండేళ్ళు మిల్లులో, రీలింగు డిపార్ట్‌మెంట్లో, నూలు పోగుల మధ్య ముడి ఎక్కడుందో పట్టుకున్న వేలు అది. మిల్లు మూతపడి మూడేళ్ళయినా మరచిపోలేదు.

"ఎన్ని అయినాయి?" అన్నాడు ధర్మలింగం.

"ఇది అయిదోది మొదలాళీ. గాజు పెట్టి సూడండి."

ఆమె రింగుని బల్ల మీద పెట్టింది. ఆయన బల్ల మీంచి తీసుకున్నాడు. ఆమె చేతి నుంచి ఆయన చేతికి ఏ వస్తువూ నేరుగా వెళ్ళిన రోజు లేదు. పసుపు దీపం కింద పెట్టి, పైన దళసరి గాజు బిళ్ళ ఆనించాడు. గాజులో నల్లటి గీతలు కనబడ్డాయి. రింగు చదును కాకపోతే ఆ గీతలు విల్లులా వంగుతాయి. ఇవి మగ్గం మీద పడుగు పోగుల్లా తిన్నగా ఉన్నాయి.

"సరి" అన్నాడు. పొగడటం ఆయనకి అలవాటు లేదు. అయినా కదల్లేదు. గాజు బిళ్ళని గుడ్డలో చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. "శుక్రవారం హైదరాబాదు నించి ఆఫీసరు వస్తా ఉండాడు. ఈ సముద్రం పని ముట్టేవాళ్ళ పేర్లన్నీ లిస్టు ఇయ్యాల. పోలీసోళ్ళు ఒక్కొక్కరి వీధిలో విచారిస్తారు. ఫిబ్రవరిలో ఊళ్ళో బాంబులు పేలినప్పటి నించి ఎట్లుండాదో నీకే తెలుసు."

"మా వీధిలో విచారించేదానికి ఏముండాది మొదలాళీ?"

"మీ అక్క సిలోన్లో ఉండాది గదా."

వీరమ్మాళ్ వేళ్ళకంటిన నూనె తుడుచుకుంటూ ఉంది. తుడుస్తూనే ఉంది.

"కాగితాలు రాసేది ఆపు" అన్నాడాయన, కోపం లేకుండానే. "వచ్చేది తీసుకోవద్దు. పోస్ట్‌మేన్ తెస్తే వొద్దని చెప్పు. అంతే. నీ పేరు లిస్టులో ఏస్తా. ఫోటో ఒట్టిన కార్డు వస్తాది. మళ్ళీ చీపురు పట్టే పని ఉండదు."

"ఎన్నాళ్ళు ఆపాల?"

"ఈ పని ఉన్నన్నాళ్ళు."

"పని ఎన్నాళ్ళు ఉంటాది?"

"సముద్రం ఉన్నన్నాళ్ళు" అని నవ్వి, ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె ఆరో రింగు తీసింది. ప్లేటు మీద పెట్టబోయి, పేస్టు పూయలేదని గుర్తొచ్చి ఆగింది. ఫోటో అంటించిన కార్డు. మిల్లులో ఇరవై రెండేళ్ళూ బదిలీ కూలీగానే వెళ్ళింది. ఎవరైనా రాని రోజు వాళ్ళ టోకెను మీద పని. మిల్లు మూసిన రోజు అందరినీ గేటు దగ్గర వరసగా పిలిచారు. సాయంకాలం దాకా నిలబడితే, రిజిస్టర్లో నీ పేరే లేదు పొమ్మన్నాడు గుమాస్తా. మొగుడు కరుప్పుసామి అప్పటికే పోయాడు కాబట్టి, ఇంటికెళ్ళి ఆ మాట చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయారు. సిలోనుకే రాయించింది. అక్క పొన్ను జవాబులో ఒకటే అంది. రిజిస్టర్లో లేకపోతే ఏమి, నేను నిన్ను ఎత్తుకుని మోసినాను, నా నడుముకి తెలుసు నువ్వు ఉండావని.

ఆ రాత్రి వండుకున్న సంగటి సగమే తింది.

మంగళవారం వానపట్టింది. లేతుల దగ్గర కరెంటు పోయి మిషన్లన్నీ ఆగిపోయాయి. వీరమ్మాళ్ పనికి కరెంటుతో అవసరం లేదు. తలుపు దగ్గరికి ప్లేటు జరుపుకుని, వెలుతురులో కూర్చుని తిప్పుతోంది. ధర్మలింగం మేనల్లుడు ముత్తుకృష్ణ పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. పాలిటెక్నిక్ చదివినవాడు, ఇరవై ఆరేళ్ళు. కొలతలు రాసి సంతకం పెట్టడం అతని పని. ఆమె విడత ముగించి రింగు కడిగాక అడిగింది.

"సిన్నయ్యా, ఇది దేనికి?"

"చెప్పకూడదు" అన్నాడు. చెప్పాలని ఉన్నట్టే అన్నాడు. స్టూలు దగ్గరికి జరుపుకుని, "వాళ్ళు చెప్పలేదు. డ్రాయింగు చూస్తే నాకు తోచింది. నీళ్ళ కింద పోయే పడవలో నిలువుగా గొట్టం ఉంటాది. దాంట్లో రాకెట్టు. కింద నించి గ్యాసు కొడితే నీళ్ళు చీల్చుకుని పైకొస్తాది. ఆ గొట్టం వాల్వులో ఈ రింగు. నీళ్ళు లోపలికి రాకూడదు, గ్యాసు బయటికి పోకూడదు. ఇదివరకు ఫారిన్ నించి వచ్చేది. మే నెలలో అణుబాంబు టెస్టు చేసినాం గదా, కోపమొచ్చి ఆపేసినారు."

"నీళ్ళ కింద ఏంటికి? నేల మీద పెట్టుకోకూడదా?"

"నేల మీద పెట్టింది ఆకాశం నించి కనబడతాది. ముందు దాన్నే కొడతాడు అవతలోడు. నీళ్ళల్లో ఉండేది ఎక్కడుండాదో ఎవరికీ తెలవదు. అన్నీ పోయినా అదొకటి మిగిలుంటాదని తెలిస్తే వాడు మొదటి దెబ్బే ఎయ్యడు. ఎయ్యకుండా ఉండేదానికే ఇది."

వీరమ్మాళ్ రింగుని వెలుతురుకి ఎత్తి చూసింది. "భయపెట్టేదానికా ఇంత నునుపు?"

ముత్తుకృష్ణకి నవ్వొచ్చింది గాని, ఆమె నవ్వడం లేదు. "అందరూ చేసేదే" అన్నాడు. "జపానోడికి సొంతంగా లేదు. అమెరికావోడు వాడికి తోడు. మా పడవ నీళ్ళల్లో ఉండాది, నీ మీద ఎవరన్నా చెయ్యేస్తే మేం సూసుకుంటామని మాటిచ్చినాడు. అందుకే వాడు నిమ్మళంగా ఉండాడు. పాకిస్తానుకి చైనా తోడు. మనకట్ల మాటిచ్చేవోడు ఎవుడూ లేడు. మన పడవ మనమే దింపుకోవాల."

"చిన్నోళ్ళ సంగతి? సిలోను మాదిరి?"

"వాళ్ళు ఎవరో ఒకరి పక్కన నిలబడాల. మనం దింపితే చుట్టూ ఉన్నోళ్ళు భయపడి ఇంకోడి పక్కకి జరుగుతారని కొందరంటారు. మన పక్కకే వస్తారని కొందరంటారు. పేపర్లో రెండూ రాస్తా ఉండారు."

"ఆడ తేయాకు గిల్లేవోళ్ళు ఏ పక్కన ఉంటారు సిన్నయ్యా?"

అతను జవాబు చెప్పేలోగా కరెంటు వచ్చింది. లేతులు ఒక్కసారిగా మొదలయ్యాయి. ముత్తుకృష్ణ లేచాడు. ఆమె మరో విడత పేస్టు పూసింది. పెళ్ళయి సిలోను పడవెక్కిన రోజు అక్కకి పదిహేడు, తనకి తొమ్మిది. ఆ పడవ తిరగడం ఆగిపోయి పద్నాలుగేళ్ళయింది. ఇక్కడ మమ్మల్ని ఇండియావోళ్ళంటారు, అక్కడికొస్తే సిలోనోళ్ళంటారు అని ఒకసారి రాయించింది పొన్ను. ఆ కాగితాలన్నీ అరవంలోనే ఉంటాయి, పొన్ను మనవరాలు రాస్తుంది. కానీ చివరి వరస మాత్రం, అరవ అక్షరాల్లోనే, ఇంటి మాట, తెలుగు. బాగుండావా అమ్మీ. చదివి పెట్టే పోస్ట్‌మేన్ గోపాలసామి ఆ వరస దగ్గర ఎప్పుడూ గొంతు కొంచెం తగ్గిస్తాడు.

బుధవారం మధ్యాహ్నం, వీరమ్మాళ్ అన్నం క్యారియరు మూత తీస్తుండగా గోపాలసామి సైకిలు షెడ్డు ముందు ఆగింది. పగలు ఆమె ఇంట్లో ఉండదని అతనికి తెలుసు. సిలోను కాగితం వస్తే ఇక్కడికే తెస్తాడు. షెడ్డులో అందరూ తింటున్నారు. ఆఫీసు గది కిటికీలోంచి ధర్మలింగం కనబడుతున్నాడు.

"వీరమ్మా, సిలోను" అని నీలం రంగు కాగితం చాచాడు.

ఆమె లేచి వచ్చింది గాని చెయ్యి చాచలేదు.

"చెయ్యి కడుక్కుని వస్తావా? నేను ఉంటాలే."

"వొద్దన్నా."

"ఏమి వొద్దు?"

"తీసుకోను. తిప్పి పంపెయ్యండి."

గోపాలసామి కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆమె మొహం చూశాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఆ రూట్లో తిరిగేవాడు, చాలా సంగతులు అడక్కుండానే అర్థమవుతాయి. గొంతు తగ్గించి అన్నాడు.

"చేతిరాత వేరే ఉండాది. ఎప్పుడూ రాసే పాపది కాదు. సూడు."

ఆమె చూసింది. పెద్ద పెద్ద అక్షరాలు, తొందరగా రాసినవి. తన పేరు పక్కన సిరా కొంచెం అలుక్కుంది. ఇటు తిప్పితే పంపినవాళ్ళ పేరు కనబడుతుంది. తిప్పమని అడగలేదు. అడిగితే తీసుకోకుండా ఉండలేనని ఆమెకి తెలుసు.

"తిప్పి పంపెయ్యండన్నా" అంది మళ్ళీ.

అతను సైకిలు సీటు మీద కాగితం ఆనించి, జేబులోంచి పెన్ను తీసి, మూలన 'రెఫ్యూజ్డ్' అని ఇంగ్లీషులో రాసి తేదీ వేశాడు. వాన చినుకు పడబోతే అరచేత్తో కప్పాడు. సంచీలో పెట్టుకుని సైకిలెక్కాడు. వీరమ్మాళ్ తిరిగి వచ్చి క్యారియరు ముందు కూర్చుంది. చల్ల పోసుకుని కలిపింది. కలిపిన ముద్ద కలిపినట్టే పెట్టి, మూత వేసి, చెయ్యి కడుక్కుని ప్లేటు దగ్గరికి వెళ్ళిపోయింది. ధర్మలింగం కిటికీ దగ్గర నుంచే తలూపాడు.

గురువారం ఆమె మూడు రింగులు పూర్తి చేసింది. అంతకు ముందెప్పుడూ ఒక రోజులో రెండు దాటలేదు. ముత్తుకృష్ణ గాజు పెట్టి చూసి, ఒకదాన్లో గీతలు వంగి ఉన్నాయన్నాడు, కొంచెమే. ఆమె వచ్చి చూసింది. దాన్ని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

శుక్రవారం పదకొండింటికి ఆఫీసరు వచ్చాడు. పేరు రత్నసభాపతి. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, ఇస్త్రీ లేని చొక్కా. హైదరాబాదులో ఉద్యోగమైనా సొంతవూరు మధురై వైపు. అరవంలోనే మాట్లాడాడు, అందరికీ అర్థమయ్యేట్టు నెమ్మదిగా. కాఫీ వద్దన్నాడు. సొంత గాజు బిళ్ళ పెట్టెలోంచి తీసి, తొమ్మిది రింగులూ ఒకటొకటిగా చూశాడు. చివరిదాన్ని చాలాసేపు చూశాడు.

"ఫారిన్‌ది కూడా ఇంత బాగా లేదు" అన్నాడు. "ఇది ఎవరి చెయ్యి?"

"మా మేనల్లుడు సార్, ముత్తుకృష్ణ. డిప్లొమా" అన్నాడు ధర్మలింగం.

"మంచిది. ఒకటి నా ముందర చెయ్యండి తంబీ, పద్ధతి రాసుకోవాలి."

ముత్తుకృష్ణ మేనమామ వైపు చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచి ప్లేటు ముందు కూర్చున్నాడు. పేస్టు ఎక్కువ పూశాడు. అయిదు వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. నాలుగు చుట్లకే రింగు కీచుమంది. మూలన నిలబడిన వీరమ్మాళ్ ఆ చప్పుడికి పళ్ళు బిగపట్టింది. కాసేపటికి అతనే ఆపేశాడు.

"నా చెయ్యి కాదు సార్" అన్నాడు, తల వంచుకుని. "ఆమెది."

రత్నసభాపతి తిరిగి చూశాడు. చీర కొంగు నడుముకి దోపుకుని, గోళ్ళ నిండా బూడిదరంగుతో ఉన్న మనిషి. ఆయన స్టూలు ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చుంది. ప్లేటు శుభ్రంగా తుడిచి, మళ్ళీ పేస్టు పూసి మొదలుపెట్టింది. భోజనాల వేళ దాటేదాకా ఆయన పక్కన నిలబడి వేళ్ళు చూస్తూ ఉండిపోయాడు. ఆమె కడిగి ఇచ్చిన రింగుని ఆమె చేతి నుంచే తీసుకున్నాడు. గాజు పెట్టాడు. గీతలు తిన్నగా ఉన్నాయి.

"పేరేంటమ్మా?"

"వీరమ్మాళ్."

ఆయన ఫైలు తెరిచి ఒక కాగితం తీశాడు. పై నుంచి కిందికి చదివాడు. మళ్ళీ చదివాడు. "ఈ పేరు లిస్టులో లేదే?"

"అది... పాత లిస్టు సార్" అన్నాడు ధర్మలింగం.

"పోయిన నెల పదో తేదీన మీరే సంతకం పెట్టి పంపింది. వెరిఫికేషన్ కూడా అయిపోయింది. నలుగురి పేర్లే ఉన్నాయి."

వీరమ్మాళ్‌కి లెక్క కట్టడానికి క్షణం పట్టింది. పోయిన నెల పదో తేదీ. మొదలాళి తన వెనక వచ్చి నిలబడింది మొన్న సోమవారం. అప్పటికే లిస్టు వెళ్ళి ఇరవై రోజులు దాటింది. పోలీసులు వచ్చి చూసుకుని పోయారు కూడా. ఆమె ధర్మలింగం వైపు చూసింది. ఆయన గాజు బిళ్ళ చుట్టే గుడ్డని మడత పెడుతున్నాడు. షెడ్డులో సిలోను ముద్ర ఉన్న కాగితం ఎవరి కంటా పడకూడదని ఆయన భయం. తొమ్మిది రింగులూ అయ్యేదాకా ఆమె కూర్చోవాలని ఆయన అవసరం. ఆ రెంటికీ కలిపి ఒక మాట చెప్పాడు. అంతే. పెద్ద ద్రోహం చేశానని ఆయన అనుకుని ఉండడు.

"పర్వాలేదు, ఇప్పుడు చేర్చుకుందాం" అన్నాడు రత్నసభాపతి. జేబులోంచి పెన్ను తీసి, ఖాళీ ఫారం ఒకటి బల్ల మీద పరిచాడు. "ఇంత పని చేసే మనిషి పేరు లేకపోతే ఎట్లా?" పేరు రాశాడు. మొగుడి పేరు, వీధి పేరు అడిగి రాశాడు. "చదువు?"

"రెండు సార్."

"బయటి దేశాల్లో బంధువులు ఎవరైనా?"

"ఎవరూ లేరు సార్" అన్నాడు ధర్మలింగం వెంటనే. ఆ మాట ఆమెకి మేలు చేస్తున్నట్టే అన్నాడు. అని ఆమె వైపు చూసి, రెప్పలు ఒకసారి వాల్చి ఎత్తాడు.

ఫారం మీద ఆమె పేరు ఉంది. తడి ఆరలేదు ఇంకా. జీవితంలో మొదటిసారి పని కాగితం మీద ఎక్కిన పేరు. రత్నసభాపతి పెన్ను తర్వాతి గడి దగ్గరికి వెళ్ళింది.

"ఉండాది సార్" అంది వీరమ్మాళ్.

పెన్ను ఆగింది.

"మా అక్క. సిలోన్లో, తేయాకు ఎస్టేటులో. పొన్ను అని పేరు. మూడు నెలలకొక తూరి కాగితం వస్తాది. నేనూ రాయిస్తా."

రత్నసభాపతి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "చెప్పినందుకు మంచిదమ్మా" అన్నాడు చివరికి. "తప్పేం లేదు. కానీ ఇట్లాంటి కేసు పైకి పంపాలి. వాళ్ళు విచారించి చెప్పేదాకా నువ్వు ఈ పని ముట్టకూడదు. ఎప్పటికి చెప్తారో నేను చెప్పలేను."

"ఒక మాట అడగొచ్చా సార్?"

"అడుగు."

"ఇది సిలోను మీద పడతాదా?"

"ఎవరి మీదా పడకూడదనే చేస్తున్నామమ్మా."

ఆమె తలూపింది. ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆమెకి తోచింది. లేచి ప్లేటు తుడిచింది. పేస్టు డబ్బా మూత బిగించింది. ముత్తుకృష్ణ దగ్గరికి వచ్చి, అతనికి మాత్రమే వినబడేట్టు, "మూడు వేళ్ళు సాలు సిన్నయ్యా. నొక్కవద్దు, దాని బరువు దానికే ఉండాది" అంది. అతను తల ఎత్తలేదు.

గేటు దాటుతుండగా ధర్మలింగం వెనకే వచ్చాడు. "ఏంటికి చెప్పినావు? నేను లేదన్నాను గదా. నీ కోసమే అన్నాను."

"తెలుసు మొదలాళీ."

"సోమవారం రా. ఊడ్చే పని ఉండాది."

ఆమె కొంగు దులుపుకుని రోడ్డు దాటింది.

శనివారం పొద్దున పోస్టాఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. గోపాలసామి బీటుకి వెళ్ళే ముందు కాగితాలు వరస పెట్టుకుంటున్నాడు. ఆమెని చూసి లేచి బయటికి వచ్చాడు.

"అది ఉండాదా అన్నా?"

"బుధవారం సాయంకాలమే సంచీలో పోయింది వీరమ్మా. ఈపాటికి మద్రాసు దాటి ఉంటాది."

"ఎనక ఎవరి పేరు ఉండె? అక్క పేరేనా?"

"లేదు. ఎస్టేటు పేరు ఉండె. మనిషి పేరు ఎవరిదో మొగోళ్ళది. నేను సరిగా సూడలేదు."

వీరమ్మాళ్ తలూపింది. రవికెలోంచి చిన్న గుడ్డ మూట తీసి, చిల్లర ఇచ్చి, సిలోనుకి పోయే నీలం కాగితం ఒకటి తెమ్మంది. గోపాలసామి తెచ్చి, బీటుకి ఆలస్యమవుతుందని తెలిసీ, వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. చిరునామా ఆమె చెప్పనక్కర్లేదు, అతనికి కంఠతా వచ్చు. రాసి, పెన్ను ఎత్తి అడిగాడు.

"ముందు ఏమి రాయాల?"

"కాగితం వచ్చినాది, నేనే తిప్పి పంపినాను అని రాయండి."

"ఏంటికని అడుగుతారే?"

"ఏంటికో వొద్దు. నేనే పంపినానని రాయండి. సాలు."

అతను రాశాడు. అరవంలో ఆ మాటలు మరీ పొడిగా ఉన్నాయనిపించి, చదివి వినిపించలేదు. రోడ్డు మీద మొదటి షిఫ్టు మిల్లు బస్సు, సగం ఖాళీగా, వెళ్ళింది.

"తర్వాత?"

ఆమె నీలం కాగితం అంచంతా చూపుడు వేలి కొనతో ఒకసారి తడిమింది. గోపాలసామి తొందరపెట్టలేదు.

"మా అక్క ఉండాదా అని అడగండి" అంది.